ఒక్క హెచ్ కొడితే చాలు

మా ఆఫీసులో వెబ్ అడ్రస్‌ని మొదటినుంచి చివరిదాకా టైప్ చేసే మనిషిని నేనింతవరకు చూడలేదు. అలా చేస్తే పరువు తక్కువ. ఒక అక్షరం కొట్టాలి, మిగతాది బ్రౌజరే పూర్తి చేయాలి, మన వేలు అప్పటికే ఎంటర్ మీద ఉండాలి. రెండో అక్షరం కొట్టాడంటే కొత్తగా చేరినవాడని అర్థం. మూడో అక్షరం దాకా వెళ్లాడంటే పెళ్లి సెలవు నుంచి ఇవాళే వచ్చాడని అర్థం. రోజూ మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకి గంటన్నరసేపు ఆఫీసు బస్సులో కునికిపాట్లు పడుతూ వచ్చి, తొమ్మిదో అంతస్తు ఎక్కాక మేం ఆదా చేసుకునేది ఆ అర సెకను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బ్రౌజర్ మనం వెళ్లిన ప్రతి చోటునీ గుర్తుపెట్టుకుంటుంది. ఎన్నిసార్లు వెళ్లాం, ఎంత ఈమధ్య వెళ్లాం, అక్కడికి పోయేముందు ఏం వెతికాం, అన్నీ దాని కడుపులో ఉంటాయి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే, మనం ఎక్కడికి పోవాలనుకుంటున్నామో తనే ఊహించి మిగతా అక్షరాలు వేసేస్తుంది. దాని కింద ఇంకో అరడజను వరుసగా చూపిస్తుంది, ఇది కాకపోతే ఇదా, ఇది కాకపోతే ఇదా అని. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇదంతా మహా సుఖంగానే ఉంటుంది. మీటింగులో స్క్రీన్ పంచుకున్నప్పుడే వస్తుంది తంటా. మా టీములో ఒకావిడ బగ్గుల జాబితా తెరుద్దామని బి కొడితే బిర్యానీ ఆర్డరు వచ్చింది. అది నయం. ఒక కుర్ర ఇంజనీరు మెయిల్ కోసం ఎం కొడితే పెళ్లి సంబంధాల సైటు వచ్చింది. ఆ మీటింగులో ఉన్న విదేశీ క్లయింటు అతనికి మనస్ఫూర్తిగా శుభాకాంక్షలు చెప్పాడు. మరుసటి మీటింగులో కుదిరిందా అని కూడా అడిగాడు.

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల సర్వీసున్నవాణ్ణి, టీములో వయసులో అందరికన్నా పెద్దవాణ్ణి. కూర్చుని టీము మొత్తానికీ పెద్ద మెయిల్ రాశాను. స్క్రీన్ పంచుకునేముందు పాత జ్ఞాపకాలన్నీ తుడిచేయండి, లేదా వేరే కిటికీ తెరిచి అందులో పని చూపించండి, వరుసలో అక్కర్లేని పేరు కనిపిస్తే దాని పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి అని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. చివర్లో ఒక హెచ్చరిక కూడా పెట్టాను. ఫోన్‌లో, ఆఫీసు లాప్‌టాప్‌లో ఒకే ఖాతా వాడితే ఫోన్‌లో వెతికింది లాప్‌టాప్‌కి కూడా తెలుస్తుంది, జాగ్రత్త అని. మా మేనేజరు దానికి బొటనవేలు బొమ్మ ఒకటి జవాబుగా పంపాడు. చదవలేదని నాకు అప్పుడే అర్థమైంది.

మేనేజరుది రాయలసీమ. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న, చెడ్డవాడు కాదు. సగం బుర్ర పనిమీద, సగం బుర్ర శంకర్‌పల్లి వైపు ప్లాట్లమీద ఉంటుంది. ఆయనకి బ్రౌజర్ రోగమే ఉంది. మనం సగం చెప్తే మిగతా సగం తనే పూర్తి చేస్తాడు, చాలావరకు తప్పుగా. సర్వర్ నెమ్మదిగా ఉందండి, ఎందుకంటే అని మొదలుపెడతాను. మెమరీ చాల్లేదు, పెంచేద్దాం సార్ అంటాడు. నేను చెప్పబోయింది అది కాదని చెప్పడానికి పదినిమిషాలు పడుతుంది.

ఇక ఆ గురువారం సంగతి. వారానికోసారి ప్రాజెక్టు పరిస్థితి చూపించే పేజీ ఒకటుంది. దాని పేరు హెల్త్‌తో మొదలవుతుంది. పదకొండుమందిమి పెద్ద గదిలో కూర్చున్నాం. మేనేజరు తన లాప్‌టాప్‌ని గోడమీది తెరకి తగిలించి, టీ కప్పు ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో హెచ్ కొట్టాడు. టీ తొణికిందో ఏమో, ఎంటర్ కొట్టడం ఆలస్యమైంది. ఆ రెండు మూడు సెకన్లలో తెరమీద అక్షరాలు బస్సుబోర్డంత పెద్దగా కనిపించాయి. హెల్త్ పేజీ కిందనే ఆయన అంతకుముందు వెతికిన వాక్యం. ఇంగ్లీషులో, హౌ అనే మాటతో మొదలై ఉంది. చాలాకాలంగా పనిచేస్తున్న ఉద్యోగిని నొప్పించకుండా వెళ్లిపొమ్మని చెప్పడం ఎలా అని.

మేనేజరు చటుక్కున ఎంటర్ కొట్టి, పేజీ వచ్చాక గొంతు సవరించుకుని, ఏం లేదప్పా, పాతదేదో వచ్చింది అన్నాడు. ఆ గంటసేపూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లు చూపించి ఏవేవో చెప్పాడు. ఒక్కరి చెవికీ ఎక్కలేదు. పదకొండుమందిలో చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్లం ముగ్గురమే. నేను, బగ్గులు చూసే ఆవిడ, డేటాబేస్ చూసే ఒకతను. ఆవిడ లేకపోతే ప్రాజెక్టు నడవదు. మిగిలింది ఇద్దరం. నాకు నలభై ఎనిమిది, అతనికి నలభై రెండు. మిగతా పిల్లలు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. దవాఖానలో మంచం పక్కన నిలబడి చూసినట్టు చూశారు.

డేటాబేస్ అతని గురించి చెప్పాలి. మా అందరిలో ఆఫీసుకి నడిచి వచ్చేది అతనొక్కడే. ఈ టవర్ల మధ్య ఇరుక్కున్న పాత ఊళ్లోనే అతని ఇల్లు. మేం కూర్చునే టవరు ఉన్నచోట వాళ్ల తాత జొన్నలు వేసేవాడట, అది కూడా ఎవరైనా అడిగితేనే చెప్తాడు. నన్ను అన్నా అంటాడు. పదకొండేళ్లుగా మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటాం. నా డబ్బాలో పప్పుచారు, అతని డబ్బాలో గోంగూర బోటి ఉంటే, ముందు నాకు వడ్డించి తర్వాత తను పెట్టుకుంటాడు. తిన్నాక నా డబ్బా కూడా తనే కడిగి తెస్తాడు. వద్దంటే వినడు. నిజం చెప్పాలంటే, నేను కూడా అంత గట్టిగా ఏమీ వద్దనను.

మర్నాడు శుక్రవారం భోజనాల దగ్గర అతను ఎప్పటిలాగే ముందు నాకు వడ్డించాడు. నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను, నోట్లోకి పోవడం లేదు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ల బామ్మర్ది పనిచేసే కంపెనీలో ఒక ఖాళీ ఉందట, అనుభవం ఉన్నవాళ్లే కావాలట, బామ్మర్ది ఒక్కరి పేరు చెప్పగలడట. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం రెండింటిలోపు ఫారం నింపాలట.

"నీ పేరు చెప్పిన అన్నా. నువ్వు జర ఫికర్ చేయకు, రెజ్యూమె సాఫ్ చేసుకో" అన్నాడు.

మరి నీ సంగతేమిటి అని అడిగాను. తనకేం, ఇంకా చిన్నోణ్ణే కదా, డేటాబేస్ ఉన్నంతవరకు తనకి ఢోకా లేదన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తెరమీద ఆ వాక్యం చూసిన క్షణం నుంచి ఆ ఉద్యోగి నేనే అని అతను తీర్మానించుకున్నాడు. నేనూ అదే తీర్మానించుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్తే, ఆవిడ రెండు రోజులు నాకు ఇష్టమైన కూరలే వండింది. దాంతో నాకు ఇంకా భయమేసింది.

సోమవారం పొద్దున్న మేనేజరు తన గదికి పిలిచాడు. పోయింది ఉద్యోగం అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే గోడమీది తెర ఆయన లాప్‌టాప్‌కి తగలడం లేదట, చూసిపెట్టమని పిలిచాడు. తీగ అటూ ఇటూ మార్చి చూస్తుండగా ఆయనకి ఫోనొచ్చింది. ప్లాట్ల ఫోన్లు ఆయన గదిలో మాట్లాడడు, కారిడార్‌లో నడుస్తూ మాట్లాడతాడు. ఒక్క నిమిషం సార్ అని బయటికి వెళ్లాడు. గదిలో నేను, ఆయన లాప్‌టాప్, తెరిచి ఉన్న అడ్రస్ బార్.

తప్పని తెలుసు. తెలిసే చేశాను. నా పేరులో మొదటి అక్షరం కొట్టాను. ఏవో వెంచర్ల లేఅవుట్లు, వాళ్లబ్బాయి స్కూలు ఫీజు పేజీ, తిరుమల దర్శనం టికెట్లు వచ్చాయి. రెండో అక్షరం కొట్టాను. మూడోది కొట్టాను. పేరు మొత్తం కొట్టేశాను, కింద ఒక్క వరుస కూడా మిగల్లేదు. ఈయన దగ్గర అయిదేళ్లు పనిచేసినా నా పేరున్న పేజీ ఒక్కటి కూడా తెరవలేదన్నమాట. ఆ స్థితిలో కూడా నాకది చిన్నతనంగా అనిపించింది చూడండి. తర్వాత డేటాబేస్ అతని పేరు కొట్టాను. రెండక్షరాలకే వచ్చేసింది. ఉద్యోగం నుంచి విడుదల చేసే ఫారం, పక్కన అతని పూర్తి పేరు, దాని పక్కన ఈ నెలాఖరు తేదీ.

హమ్మయ్య అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. కొట్టిన అక్షరాలు తుడిచేసి, తీగ సరిగ్గా తగిలించి, మేనేజరు రాగానే తెర వచ్చిందండి అని చెప్పి బయటపడ్డాను. ఆ మధ్యాహ్నం, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను. అతను తన డబ్బాలోంచి కూర ఇంకొంచెం వేస్తూ, మనసు కుదుటపడ్డట్టుంది అన్నా అని సంతోషించాడు. అప్పటికి గాని నాకు సిగ్గు వేయలేదు.

చెప్పాలి. చెప్తే ఆ ఒక్క ఖాళీకి తన పేరే పెట్టుకుంటాడు, అతనికి దారి దొరుకుతుంది. చెప్పకపోతే శుక్రవారం దాటిపోతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? కానీ చెప్పాలంటే మేనేజరు లాప్‌టాప్‌లో దొంగతనంగా చూశానని ఒప్పుకోవాలి. పైగా ఆ ఖాళీ నా చేతికి వచ్చి ఉంది. నా ఉద్యోగం ఈ నెలకి నిలిచింది సరే, వచ్చే నెల సంగతి ఎవరు చూశారు అని లోపల ఒక గొంతు పీకుతూనే ఉంది. ఆ గొంతు నాదే, ఇంకెవరిమీదా నెట్టను. చివరికి నేను చేసింది ఏమిటంటే, ఆ ఫారం నింపనూ లేదు, అతనికి చెప్పనూ లేదు. అతను రోజూ నింపినవా అన్నా అని అడిగేవాడు. సాయంత్రం చేస్తాలే అనేవాణ్ణి.

మంగళవారం బస్సు కొత్తగూడ దగ్గర ఆగిపోయినప్పుడు ఫోన్ తీసి వెతికాను. స్నేహితుడికి ఉద్యోగం పోతోందని చెప్పడం ఎలా అని. ఇంగ్లీషులోనే వెతికాను. మాట్లాడుకోవడం తెలుగులో, ఏడవడం తెలుగులో, వెతుక్కోవడం మాత్రం ఇంగ్లీషులో, అదేం అలవాటో మాకు. పది మెట్లు చెప్పింది ఫోను. ప్రశాంతమైన చోటు ఎంచుకోవాలట. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలట. ముందుగా మంచినీళ్లు ఇవ్వాలట.

సరే అని బుధవారం ప్రశాంతమైన చోటు కోసం బయల్దేరాను. మా తొమ్మిదో అంతస్తులో ప్రశాంతమైన గది అని బోర్డున్న గది ఒకటుంది, అందులో ఎవరో గట్టిగా మీటింగు పెట్టుకున్నారు. కింద టీ కొట్టు దగ్గర షేర్ ఆటోలవాళ్లు గచ్చిబౌలి గచ్చిబౌలి అని అరుస్తున్నారు. ఆఖరికి అతన్ని మెట్లమీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని, నీళ్ల సీసా చేతికిచ్చాను. అతను సగం తాగి, నీకు షుగర్ గిట్ల పెరిగిందా అన్నా అని నన్నే అడిగాడు. తమ్ముడూ, నీతో ఒక మాట చెప్పాలి, ఆరోజు తెరమీద వచ్చింది చూడు, అది అని మొదలుపెట్టాను. అతను నా భుజమ్మీద చెయ్యి వేశాడు.

"నాకు ఎర్కే అన్నా. నువ్వు చెప్పకు, మనసు ఖరాబ్ చేసుకోకు" అన్నాడు.

మేనేజరు అయిదేళ్లలో పూర్తి చేసిన తప్పు వాక్యాలన్నీ కలిపినా ఇంత తప్పు లేదు. అక్కడే కాదు అనాల్సింది. అతను సీసా మూత పెట్టి నా చేతికిచ్చి లేచాడు, నేను వెనకాలే నడిచాను.

గురువారం పొద్దున్న మా ఆవిడతో మొత్తం చెప్పేశాను. ఆవిడ దోసె తిరగేస్తున్నదల్లా ఆగింది. పోయే ఉద్యోగం నాది కాదని తెలిసి మొహం విప్పారిందిగానీ, మిగతాది విన్నాక మళ్లీ ముడుచుకుపోయింది.

"ఇంత తెలిసీ ఆయన పెట్టింది ఎలా తింటున్నారండీ?" అంది.

ఆరోజు నా డబ్బాలో ఇద్దరికి సరిపడా పెట్టింది, ఆయనకి ముందు వడ్డించండి అని చెప్పి పంపింది. వడ్డించాను. ఆరోజు కూడా చెప్పలేదు. రేపు మధ్యాహ్నం రెండు దాకా టైముంది కదా అనుకున్నాను. ప్రాజెక్టులన్నీ మేం అలాగే నడుపుతాం.

శుక్రవారం ఒంటిగంటన్నరకి అతను నా సీటు దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న చీటీ, దానిమీద బామ్మర్ది చెప్పిన అడ్రస్. నింపలేదని నా మొహం చూడగానే తెలిసిపోయింది. నువ్వు గిట్లనే కూసుంటే టైమైపోతది, లే అన్నా, నేనే కొడత అని నన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చున్నాడు. తమ్ముడూ ఆగు అన్నాను. ఆగు అన్నానంతే. ఆ అడ్రస్ హెచ్ఆర్ అనే అక్షరాలతో మొదలవుతుంది.

అతను హెచ్ కొట్టాడు. నా లాప్‌టాప్‌లో ఎప్పుడూ తుడిచి తుడిచి శుభ్రంగా ఉండే అడ్రస్ బార్ అది, అందులో పొరపాటున కూడా ఏమీ మిగలదని నా ధీమా. కానీ నేను వెతికింది ఫోన్‌లో. రెంటికీ ఖాతా ఒకటే. హెచ్ కింద మొదటి వరుసలోనే వచ్చింది. స్నేహితుడికి ఉద్యోగం పోతోందని చెప్పడం ఎలా. దాని కింద అదే వాక్యం ఇంకో రకంగా. బుధవారం, గురువారం బస్సులో కూర్చుని నేను ఎన్ని రకాలుగా వెతికానో అన్నీ వరసగా ఉన్నాయి.

అతను చదివాడు. రెండోసారి కూడా చదివినట్టున్నాడు. వేళ్లు మీటలమీద అలాగే ఉన్నాయి. నేను కుర్చీ వెనక నిలబడి ఉన్నాను, అతని మొహం నాకు కనపడటం లేదు. కనపడకపోవడమే మేలనుకున్నాను, అంత పిరికివాణ్ణి.

"గిది నా గురించేనా అన్నా?"

అవునన్నాను. ఎప్పుడు తెలిసిందని అడిగాడు. సోమవారం అన్నాను. అతను తల ఊపాడు. ఎలా తెలిసిందని అడగలేదు, ఎవరు చెప్పారని అడగలేదు.

"సోమారం సంది నా పక్కకే కూసోని తింటున్నవ్ గదన్నా" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు మెల్లగా అన్నాడు.

తర్వాత చీటీ చూసి, అడ్రస్‌ని ఒక్కో అక్షరం చొప్పున చివరిదాకా తనే టైప్ చేశాడు. ఫారం తెరుచుకుంది. మొదటి గడిలో వేలు పెట్టగానే నా బ్రౌజర్ తన పని తను చేసింది. నా పేరు, నా మెయిల్, నా ఫోన్ నెంబరు, మియాపూర్‌లో నా ఫ్లాటు, అన్ని గడులూ దానంతట అదే నింపేసింది. అతను మొదటి గడిలోకి వెళ్లి నా పేరు చెరిపి తన పేరు రాశాడు. రెండో గడిలో నా మెయిల్ చెరిపి తనది రాశాడు. ఫ్లాటు చెరిపి, ఈ టవరు వెనక వీధిలో తన ఇంటి నెంబరు రాశాడు. ప్రతి గడిలోనూ నన్ను చెరిపితేగాని తనకి చోటు దొరకలేదు. తొందరలో ఒకచోట తప్పు కొట్టి మళ్లీ దిద్దుకున్నాడు. గోడమీద గడియారం రెండుకి తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను వెనక నిలబడి చూస్తూ ఉన్నాను. ఒక్క గడి నింపడంలో కూడా సాయం చేయలేకపోయాను.

రెజ్యూమె తన మెయిల్‌లోంచి తీసి పెట్టి, పంపే బొత్తాం నొక్కి, పేరు మారిందని బామ్మర్దికి ఫోన్‌లో మెసేజ్ పెట్టి లేచాడు. నీ కుర్చీ అన్నా అని పక్కకి జరిగాడు. మధ్యాహ్నం తిన్న డబ్బాలు రెండూ బల్లమీద ఉన్నాయి. తన డబ్బా తీసుకుని కడుక్కోవడానికి వెళ్లాడు.

నేను కూర్చునేసరికి తెరమీద ఒక ప్రశ్న ఉంది. ఈ కొత్త వివరాలు గుర్తుపెట్టుకోమంటారా అని బ్రౌజర్ అడుగుతోంది. అవునని నొక్కాను. ఎందుకు నొక్కానో నాకే తెలియదు, ఆ రోజుల్లో ఎవరేమడిగినా అవుననేవాణ్ణి.

ఆ ఉద్యోగం అతనికి వచ్చింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఇప్పుడు రోజూ షేర్ ఆటోలో వేరే టవరుకి వెళ్తాడు. అప్పుడప్పుడు కింద కనిపిస్తాడు, బాగున్నవా అన్నా అంటాడు, బాగున్నాను తమ్ముడూ అంటాను. మధ్యాహ్నం నా డబ్బా నేనే కడుక్కుంటున్నాను. మేనేజరు ఇప్పటికీ మీటింగులో హెచ్ కొట్టి టీ తాగుతూనే ఉన్నాడు.

నేను మాత్రం కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్ తీయాలన్నా, పేరు అడిగే గడి తెరవగానే బ్రౌజర్ రెండు పేర్లు చూపిస్తుంది. పైన నాది, కింద అతనిది. ఎవరి పేరు రాయమంటావు అని ఆగి చూస్తుంది. అక్కర్లేని పేరు ఎలా తీసేయాలో నాకు తెలుసు, ఆ మెయిల్ రాసిందే నేను. ఇంటూ గుర్తు దాకా వేలు వెళ్తుంది. ఇంతవరకు నొక్కలేదు.